రెండోసారి అడుగుతారని

రెడ్‌మండ్,
12 ఫిబ్రవరి 2012

రజిని అక్కా,

వేణుమాధవ్ నమస్కారాలు. చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరం ఏంటి, వీడికేమైనా తిక్కా అనుకుంటారేమో. మన ఫోన్లు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను, సరే ఉంటా మరి. మూడున్నరేళ్లుగా ఇదే పాట. అందుకని కాగితం తీశాను.

విషయం ఏంటంటే, ఆఫీసులో ఎనిమిది వారాలు అన్‌పెయిడ్ లీవ్ అడిగాను. మేనేజర్ గడ్డం గోక్కుని గోక్కుని చివరికి ఇచ్చాడు. వీసాకి ఇబ్బంది లేదని లాయర్ కూడా చెప్పింది. మార్చి పదో తారీఖున అరిజోనా వెళ్తున్నాను. మెక్సికో సరిహద్దు దగ్గర మొదలై యూటా దాకా, ఎడారిలో కొండల మీదుగా ఒక కాలిదారి ఉంది. అరిజోనా ట్రెయిల్ అంటారు. ఎనిమిది వందల మైళ్లు. అదంతా నడుద్దామని.

ఎందుకో మీకు తెలుసు, అయినా నేనే చెప్పాలి. మూడు వందల మైళ్లు నడిచాక పికెట్‌పోస్ట్ అనే కొండ వస్తుంది. మన అక్షయ్ పోయింది అక్కడే, ఆ దారి మీదే. వాడు మాస్టర్స్‌కని అరిజోనా వచ్చి, నా దగ్గర దిగి మూడు వారాలు కూడా కాలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. ఫ్లైట్ దిగి, కారు తీసుకుని, రెండు పూలు పెట్టి వచ్చేయొచ్చు. మూడుసార్లు టికెట్ బుక్ చేసి మూడుసార్లూ క్యాన్సిల్ చేశాను. నడుస్తూ వెళ్తే మధ్యలో వెనక్కి తిరగడం అంత తేలిక కాదు కదా.

మీరు వద్దంటే మానేస్తాను. ఆంటీకి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

వేణు


హెర్న్‌డన్,
20 ఫిబ్రవరి

వేణూ,

నేనెందుకు వద్దంటాను? వెళ్లు. అయినా అడగడమెందుకు, నేను వద్దంటే నీకు హాయిగా ఉండేదని కాదూ? అంత తేలిగ్గా వదిలిపెట్టను.

నేనూ కూర్చుని అంతా చదివాను. దారిలో ఊళ్లు తక్కువట. ముందే పోస్టాఫీసులకి పెట్టెలు పంపుకుంటే మనిషి వచ్చేదాకా దాచి ఉంచుతారట. ఆ పెట్టెలు నేను పంపిస్తాను. పటగోనియా, ఒరాకిల్, సుపీరియర్, పైన్, ఫ్లాగ్‌స్టాఫ్. లిస్టు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. నా ఉత్తరాలు పెట్టెలో ఉంటాయి. నువ్వు ఆ ఊళ్లోనే జవాబు పోస్ట్ చెయ్యి. ఫోన్ మాత్రం చేయకు. ఫోన్‌లో మళ్లీ తిన్నావా బాగున్నావా అనే అంటాం.

అమ్మ జనవరిలో వచ్చింది, నా పురిటికి. పాపకి అయిదు వారాలు. అమ్మ వంట, పాప స్నానం, నాకు పథ్యం, అన్నీ చేస్తుంది. మాట్లాడటం మాత్రం లేదు. నీకు తెలిసిందే కదా, అక్షయ్‌కి బ్యాంకు ఉద్యోగం వస్తే, అదేం ఉద్యోగంరా, నువ్విక్కడికి రా అని లాగింది నేను. "నా కొడుకుని తినేశావే" అంది శవపెట్టె ముందు, అందరూ చూస్తుండగా. ఆ మాటే ఆఖరు. ఇప్పుడు నాకేదైనా చెప్పాలంటే పాపకి చెప్తుంది. "మీ అమ్మని కాస్త అన్నం తినమనవే తల్లీ, చల్లారిపోతోంది" అంటుంది. నేనూ పాపకే చెప్తాను, తింటానని. ఆ పిల్ల ఇద్దరి ముఖాలూ చూసి ఆవులిస్తుంది. నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు.

నీ పేరెత్తితే మాత్రం ఆవిడ ముఖమే మారిపోతుంది. "నా బిడ్డని దగ్గరుండి ఇంటికి తెచ్చి అప్పజెప్పిన పిల్లాడు" అంటుంది. నీకు పెట్టె పంపుతున్నానని మా ఆయన చెప్పగానే కందిపప్పు వేయించడానికి లేచింది.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రోజు ఏం జరిగిందో మొత్తం రాయి. అప్పుడు నువ్వు చెప్పిన నాలుగు ముక్కలు కాదు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ. జూలై మొదట్లో అమ్మ వెళ్లిపోతుంది. ఈలోగా ఆవిడ ముందు కూర్చుని, ఇదమ్మా జరిగింది అని చెప్పడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే మా ఇద్దరికీ ఈ జన్మకి ఇంతే.

రజిని


పటగోనియా,
15 మార్చి

అక్కా,

పెట్టె అందింది. పోస్టాఫీసు ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో ఏముందో గానీ రెండు రోజులుగా మాకు ఆకలి చంపేస్తోంది" అంది. ఆంటీ కందిపొడి మహత్యం. బయట బెంచీ మీద కూర్చుని, ట్యాంకు నీళ్లలో ఉడికించిన అన్నంలో కలుపుకుని తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికే లెండి.

యాభై మైళ్లయ్యాయి. మొదటి రోజే బోర్డర్ గస్తీ వాళ్లు ఆపారు. నా రంగు, నా గడ్డం, వీపు మీద మూట, మెక్సికో వైపు నుంచి నడిచి రావడం, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు. పాస్‌పోర్టూ హెచ్1బి కాగితాలూ జిప్‌లాక్ కవర్‌లో మెళ్లో వేసుకునే తిరుగుతున్నాను. "ఎక్కడికి?" అన్నాడు. "యూటాకి" అన్నాను. "నడిచా?" అని, రెండోవాణ్ణి కేకేసి పిలిచి, వాడికి మళ్లీ చెప్పమన్నాడు.

నీళ్లంటే ఇక్కడ పశువుల తొట్లే. పైన పచ్చగా నాచు. ఆవులు జరిగి చోటిస్తాయి. ఫిల్టర్ చేసుకుని తాగుతున్నాను. ఎప్పుడూ నాలుగు లీటర్లకి తగ్గకుండా మోస్తున్నాను, భయపడకండి.

ఒక తమాషా. ఊరు మూడు మైళ్లుందనగా పికప్ ట్రక్కులో ఒక పెద్దావిడ ఆగి, ఎక్కుతావా అంది. నా కాళ్లు రెండూ బొబ్బలు. నోట్లోంచి మాత్రం "నో నో, ఇట్స్ ఓకే" అని వచ్చేసింది. ఆవిడ "ఓకే హనీ" అని వెళ్లిపోయింది. దుమ్ములో నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. తొమ్మిదేళ్లయినా ఈ మొహమాటం చావలేదు.

ఆ రోజు సంగతి అడిగారు. పొద్దున్న పదింటికి మొదలుపెట్టాం. ఆలస్యం నాదే. నేను అంతకుముందు జనవరిలో అదే దారిలో నడిచాను, హాయిగా ఉండింది. సెప్టెంబర్‌కీ జనవరికీ తేడా నాకు తట్టలేదు. తెచ్చుకున్న నీళ్లు చాలలేదు. తిరిగి వస్తుంటే రెండున్నర ప్రాంతంలో వాడు కూర్చుండిపోయాడు. ఫోన్ సిగ్నల్ లేదు. కారు దగ్గరికి పరిగెత్తాను. హెలికాప్టర్ వచ్చేసరికి అయిపోయింది. దారిలో మనుషులెవరూ కనపడలేదు. అంతే అక్కా. అంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

వేణు


హెర్న్‌డన్,
19 మార్చి

వేణూ,

బొబ్బలు పెట్టుకుని లిఫ్ట్ వద్దన్నావా? తిక్కలోడా! ఈ పెట్టెలో బొబ్బల మీద అంటించే మోల్‌స్కిన్ పట్టీలు పెట్టాను, రెండు జతల సాక్సులు కూడా. సాక్సులు మా ఆయన సెలక్షన్, రంగు గురించి నన్నేం అనకు.

అమ్మ నీ ఉత్తరం మా ఆయన చేత చదివించుకుంది. ఆవులు జరిగి చోటివ్వడం దగ్గర నవ్వింది. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్లయిందో. వంటింట్లో నిలబడి విన్నాను. ఆఖరి పేరా మా ఆయన చదవలేదు, నేనే వద్దన్నాను.

ఎందుకంటే అది చాలదు. పది గంటల నుంచి రెండున్నర దాకా నాలుగున్నర గంటలు. ఆరు వాక్యాల్లో తేల్చేశావు. తొట్టెలో నాచు గురించి ఇంతకంటే ఎక్కువ రాశావు. ఎన్ని బాటిళ్లు తీసుకెళ్లారు? వాడు ఏమన్నాడు? ఎక్కడ వెనక్కి తిరిగారు? లాంగ్ వీకెండ్ కదా, ఒక్క మనిషి కూడా ఎదురు కాలేదా? మళ్లీ బాగా గుర్తు తెచ్చుకో. ఎవరైనా వచ్చి ఉంటారు.

తొందరేం లేదు. ఒరాకిల్ దాకా ఆలోచించుకుంటూ నడువు.

రజిని


ఒరాకిల్,
28 మార్చి

అక్కా,

పెట్టెకి థ్యాంక్స్. సాక్సులు బాగున్నాయని బావగారికి చెప్పండి, మైలు దూరం నుంచి కనపడతాను.

ఒంట్లో అంత బాగాలేదు. ఒక తొట్టె నీళ్లు పడలేదనుకుంటా, రెండు రోజులు టెంట్‌లోనే ఉన్నాను. పైన కొండ మీద ఇంకా మంచు ఉంది. కిందకి దిగగానే పొయ్యిలో పెట్టినట్టుంది.

ఒక గేటు దగ్గర ఎవరో పుణ్యాత్ములు నీళ్ల క్యాన్లు పెట్టి వెళ్లారు, నడిచేవాళ్ల కోసం. మీద పేరు కూడా లేదు. "తీసుకోండి" అని అట్టముక్క మీద రాసి ఉంది. చాలాసేపు నిలబడి చూశాను. నా దగ్గర ఇంకా లీటరు ఉంది కదా, వెనకాల వచ్చేవాళ్లకి అవసరమవుతాయేమో అని ముట్టుకోకుండా వచ్చేశాను.

మీరు అడిగినవాటికి జవాబు. ఇద్దరికీ కలిపి నాలుగు చిన్న బాటిళ్లు. వాడు పెద్దగా ఏమీ అనలేదు, నెమ్మదస్తుడు కదా. ఎవరూ ఎదురు కాలేదక్కా. నిజంగా ఎవరూ లేరు.

ఇంకో వంద మైళ్లలో పికెట్‌పోస్ట్.

వేణు


హెర్న్‌డన్,
2 ఏప్రిల్

వేణుమాధవ్,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. ఇవాళే దీన్ని ప్రయారిటీ మెయిల్‌లో వేస్తున్నాను.

డిసెంబర్‌లో అక్కడి కౌంటీ పోలీసులకి రాసి ఆ రోజు రిపోర్ట్ కాపీ తెప్పించుకున్నాను. అప్పట్నుంచీ నా డ్రాయర్‌లోనే ఉంది. నీ అంతట నువ్వే చెప్తావని ఆగాను. రెండుసార్లు దారి చూపించాను, రెండుసార్లూ ఎవరూ లేరని రాశావు.

అందులో నాలుగో పేజీలో ఒక ముసలాయన వాఙ్మూలం ఉంది. అక్కడ పశువులు మేపుకునే ఆయన. పన్నెండున్నరకి గుర్రం మీద వస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు ఎదురయ్యారట. నీళ్లు కావాలా అని అడిగాడట. వద్దన్నారట. ఆయన వెంట ఉన్న కంచరగాడిద మీద పది గ్యాలన్ల నీళ్లున్నాయట.

పది గ్యాలన్లు, వేణూ.

పన్నెండున్నరకి వాడు బతికే ఉన్నాడు. నిలబడి ఉన్నాడు. ఎవరు వద్దన్నారు? వాడా, నువ్వా? నాలుగు నెలలుగా ఇదొక్కటే నా బుర్ర తొలిచేస్తోంది. పాపకి పాలు పడుతుంటే కూడా ఇదే. ఈసారి సాక్సుల గురించీ ఆవుల గురించీ రాయకు.

పెట్టెలో తిండి ఎప్పటిలాగే ఉంది. అది అమ్మ సర్దింది.

రజిని


సుపీరియర్,
9 ఏప్రిల్

అక్కా,

శనివారమే పికెట్‌పోస్ట్ చేరాను. పోస్టాఫీసు ఇవాళ తెరిచారు. అంటే మీ ఉత్తరం చదవకముందే నేను ఆ చోట రెండు గంటలు కూర్చుని వచ్చాను. అక్కడే నిర్ణయించుకున్నాను రాయాలని. నమ్మితే నమ్మండి, నమ్మకపోతే అది నా కర్మ.

నేనే వద్దన్నాను.

మొదట్నుంచీ చెప్తాను. పన్నెండుకే మా దగ్గర నీళ్లయిపోవచ్చాయి. నా బ్యాగులో ఒక బాటిల్‌లో సగం మిగిలాయి. అప్పుడే వెనక్కి తిరిగాం. వాడు ఎర్రబడిపోయాడు, అయినా "పర్లేదన్నా" అంటున్నాడు. వాడు అన్నిటికీ అదే అనేవాడు. మా అపార్ట్‌మెంట్‌లో దాదాపు మూడు వారాలున్నాడు కదా, వాడికంటూ ఇల్లు దొరికేదాకా అని. హాల్లో కార్పెట్ మీద పడుకునేవాడు. ఏసీ సరిగ్గా వాడి మీదకే కొట్టేది. చలేస్తోందా అని ఒకసారి అడిగితే లేదన్నాడు. వాడు పోయాక తెలిసింది, దుప్పటి కింద రెండు ప్యాంట్లు వేసుకుని పడుకునేవాడట, మా రూమ్మేట్ చెప్పాడు.

ఆ ముసలాయన మలుపు దగ్గర ఎదురయ్యాడు. పెద్ద టోపీ. గుర్రం ఆపి, "మీరిద్దరూ బానే ఉన్నారా? నీళ్లు కావాలా?" అన్నాడు. గాడిద మీద క్యాన్లు కనిపిస్తూనే ఉన్నాయి. అక్షయ్ నా వైపు చూశాడు. నేను పెద్దవాణ్ణి, సీనియర్ని, నేను మాట్లాడకుండా వాడు మాట్లాడడు. నేను నవ్వుతూ, "నో నో, వియ్ ఆర్ ఫైన్, థ్యాంక్యూ" అన్నాను.

మనింట్లో అయితే ఎవరైనా అంతే కదక్కా. మొదటిసారి వద్దంటాం. వాళ్లు మళ్లీ అడుగుతారు. అప్పుడు, అబ్బే ఎందుకండీ అంటాం. మూడోసారి చేతిలో పెట్టేస్తారు. నేను ఆయన రెండోసారి అడుగుతాడని ఆగాను. నిజంగా ఆగాను. అడుగు కూడా వేయకుండా, ముఖాన నవ్వు పెట్టుకుని నిలబడ్డాను. ఆయన టోపీ మీద చెయ్యి పెట్టి, జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన తప్పేముంది, వద్దన్నాం కదా.

"అన్నా, పిలిచి అడుగుదామా?" అన్నాడు అక్షయ్. "ఛ, ఇప్పుడేం బాగుంటుంది, ఎంతో దూరం లేదు, వచ్చేశాం" అన్నాను. ఇంకా నాలుగు మైళ్లుంది.

ఇదొక్కటే అయితే ఎప్పుడో చెప్పేవాణ్ణేమో. ఇంకొకటుంది. ఒంటిగంటకి ఆ సగం బాటిల్ తీసి వాడికిచ్చాను. "నాకు దాహం లేదన్నా, మీరు తాగండి" అన్నాడు. నేను తాగేశాను. మొత్తం. నేను కూడా రెండోసారి అడగలేదక్కా. మనవాడే కదా వాడు. ఆ మాటకి అర్థం ఏంటో ఆ ముసలాయనకి తెలీదు, నాకు తెలుసు. తెలిసే తాగాను.

ఆంటీ నన్ను దగ్గరకి తీసుకుని ఏడ్చినప్పుడు చెప్పాలనే నోరు తెరిచాను. "నువ్వు లేకపోతే నా బిడ్డ దిక్కులేనివాడయ్యేవాడు నాయనా" అన్నారు. నోరు మూసుకున్నాను. మిమ్మల్ని ఆవిడ అందరిముందూ ఆ మాట అంటుంటే కూడా మూసుకునే ఉన్నాను. మూడున్నరేళ్లు మీరు నా వంతు శిక్ష కూడా అనుభవించారు.

ఆ చోట ఏమీ లేదు. గులకరాళ్లు, ముళ్లపొదలు. ఒక బల్లి నన్ను చూసి కూడా కదల్లేదు. ఎండ అప్పటంత లేదు. గట్టిగా ఏడ్చాను.

ఏమనుకుంటే అది అనండి. ఏదన్నా పడతాను.

వేణుమాధవ్


హెర్న్‌డన్,
14 ఏప్రిల్

మా గుమ్మం తొక్కకు. ఫోన్ చేయకు. నీ ముఖం ఇంకెప్పుడూ నాకు చూపించకు.

నాలుగు మైళ్లుందని తెలిసి కూడా "బాగుండదు" అన్నావా? బాగుండకపోతే ఏమయ్యేదిరా? ఆ ముసలాయన ఏమనుకునేవాడు? ఏమనుకుంటే నీకేం పోయేది?

16 ఏప్రిల్

పైన రాసింది చించేద్దామనుకున్నాను. చించను. అది నిజమే, అలాగే ఉండనీ.

ఇది కూడా నిజం. నువ్వు అన్నీ చెప్పాక నేను దాచుకుని కూర్చుంటే నీకూ నాకూ తేడా లేదు.

ఆ రోజు పొద్దున్న వాడు నాకు ఫోన్ చేశాడు. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు. "అక్కా, హైక్‌కి పోదామంటున్నాడు వేణన్న. ఎండ మండిపోతోంది, నాకు పోవాలని లేదు. వద్దంటే ఏమనుకుంటాడో" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "వాళ్లింట్లో ఉంటూ, వాళ్ల తిండి తింటూ, పిలిస్తే రానంటావా? బాగుండదురా. వెళ్లు. వెళ్లి, అది కావాలి ఇది కావాలి అని అతన్ని ఇబ్బంది పెట్టకు" అన్నాను. "సరే అక్కా" అన్నాడు. నలభై సెకన్ల కాల్. బిల్లులో చూశాను.

ఇది అమ్మకి తెలీదు. మా ఆయనకి కూడా తెలీదు. ఇన్నాళ్లూ అమ్మ, వాణ్ణి అమెరికాకి లాగానని నాతో మాట్లాడకుండా ఉంటే, లోపల నాకు ఒకరకంగా నయమే అనిపించేది. ఆవిడ కోపం అసలు దానికి కాదు కదా అని. రిపోర్ట్ తెప్పించింది కూడా అందుకే. తప్పు ఇంకెవరిదో అని తేలితే బాగుండునని. తేలింది, నీదని. దాంతో నాది పోయిందా? ఎక్కడికీ పోలేదు.

రేపు అమ్మని కూర్చోబెట్టి రెండూ చెప్తాను. నీ ఉత్తరం చదువుతాను, తర్వాత నా మాట చెప్తాను. ఆవిడ పెట్టె సర్దుకుని వెళ్లిపోతానన్నా టికెట్ కొనిస్తాను. పురిటికి కూడా ఇంత భయపడలేదు.

రజిని


పైన్,
20 ఏప్రిల్

అక్కా,

మీ ఉత్తరం రెండు ముక్కలూ చదివాను. మొదటిదే ఎక్కువసార్లు చదివాను.

ఫోన్ సంగతి నాకు తెలీదు. స్నానం చేసి వచ్చేసరికి వాడు షూస్ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. మీరన్నది ప్రతి అక్కా అనేదే, అందులో తప్పేం లేదు అని రాద్దామనుకున్నాను. అది రాసే హక్కు నాకు లేదు.

ఆంటీకి చెప్పేసి ఉంటారు ఈపాటికి. ఇక్కడితో ఆపేద్దామా అనిపిస్తోంది, ఆపితే రేపు ఆఫీసుకి వెళ్లి ఏం చేయాలో తెలియడం లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ దాకా నడుస్తాను. అక్కడ నా పేరు మీద ఏమీ లేకపోతే అర్థం చేసుకుంటాను.

వేణుమాధవ్


హెర్న్‌డన్,
25 ఏప్రిల్

వేణుమాధవ్‌కి,

ధనమ్మ రాయునది. ఎప్పుడూ చిరంజీవి అని మొదలుపెట్టి ఆశీస్సులు రాసేదాన్ని. ఈసారి రాయబుద్ధి కాలేదు. నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ నిజమే చెప్తున్నాను. నాకు నీ మీద కోపం ఉంది. రేపు పోతుందో పదేళ్లకి పోతుందో తెలీదు. ఆ సగం సీసా నీళ్ల సంగతి విన్న దగ్గర్నుంచీ నేను మంచినీళ్లు తాగేటప్పుడల్లా గ్లాసు సగంలోనే దించేస్తున్నాను.

రజిని ఇద్దరి సంగతీ చెప్పింది. నీది చదివేటప్పుడు బాగానే చదివింది, తనది చెప్పేటప్పుడు గోడకేసి చూస్తూ చెప్పింది. నేను మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. పాప ఏడుస్తున్నా రాలేదు. నాలుగో రోజు పొద్దున్న అల్లుడుగారు ఆఫీసుకి వెళ్లాక లేచి, దాని దగ్గరికి వెళ్లి, "ఏమే రజినీ" అన్నాను. అంతే, ఆ పిల్ల నా కాళ్ల మీద పడింది. బాలింతరాలు, లేవలేకపోయింది. నేనే లేపాను. ఆ రోజు మేమిద్దరం వండుకోలేదు, తినలేదు. అది వాడి గురించి నాకు తెలీనివి చెప్పింది, నేను దానికి తెలీనివి చెప్పాను. సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాం.

నువ్వు నడుస్తావో మానేస్తావో నీ ఇష్టం. నడిచినందువల్ల వాడు రాడు, మానేసినందువల్లా రాడు. ఆరోగ్యం పాడు చేసుకోకు. మీ అమ్మకి ఫోన్ చెయ్యి, ఎక్కడున్నావో ఆవిడకి తెలియాలి. మా ఇంటికి రావొద్దని రజిని రాసిందట. ఇల్లు దానిది, రమ్మనాల్సింది అదే. నేను మధ్యలో దూరను.

ఇంతవరకూ రాసి పెట్టేద్దామనుకున్నాను. రజినికి చెప్పింది నీకూ చెప్పాలి. నీ ఉత్తరంలో ఆ మాట ఉంది చూడు, రెండోసారి అడుగుతారని ఆగానని. రజిని అది చదవగానే నేను తల వంచుకున్నాను. అలా ఆగడం మీ అమ్మ నీకు నేర్పి ఉంటుంది. వాడికి నేర్పింది నేను.

వాడికి అయిదేళ్లు. ఎదురింటి జయంతి వాళ్లింట్లో వ్రతమైతే నన్ను పేరంటానికి పిలిచారు, వాణ్ణి వెంటబెట్టుకు వెళ్లాను. ఆవిడ పళ్లెంలో బూరెలు తెచ్చి, తీసుకో నాన్నా అంది. అనడం ఆలస్యం, చెయ్యి చాపి రెండు తీసేసుకున్నాడు. అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే తలుపేసి తొడపాశం పెట్టాను. పెద్దవాళ్లు ఇస్తే వద్దనాలి, మళ్లీ ఇస్తే వద్దనాలి, నావైపు చూడాలి, నేను తలూపితే అప్పుడు తీసుకోవాలి, అని పక్కన కూర్చోబెట్టుకుని పదిసార్లు చెప్పించాను. వాడు ఏడుస్తూ అప్పజెప్పాడు.

సాయంత్రం స్నానం చేయిస్తుంటే తొడ కమిలిపోయి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. కొబ్బరినూనె రాస్తుంటే, నేనేమీ అనకముందే, నా గడ్డం పట్టుకుని, "ఇంకెప్పుడూ తీసుకోను లేమ్మా" అన్నాడు.

ఆ మాట మీదే ఉన్నాడు నాయనా వాడు, చివరిదాకా.

ధనమ్మ